కంప్యూటర్‌కు నీటి చలువ: కొనుగోలు సలహాలను ఎంతవరకు నమ్మవచ్చు?

కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం విజయవాడలో మా అక్క ఇంటికి వెళ్లాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఆమె కొడుకు తన కంప్యూటర్‌ను విప్పి, భాగాలన్నీ పాత దినపత్రిక మీద పరుచుకుని కూర్చున్నాడు. పారదర్శకమైన గొట్టాలు, చిన్న పంపు, నీళ్ల తొట్టి, రేడియేటర్, ప్రాసెసర్ మీద బిగించే రాగి పలక.

"నీళ్లు పెడితే ఇక వేడి మాటే ఉండదన్నారు మావయ్యా! ఎనిమిది నెలలు కూడా కాలేదు," అంటూ ఆ పలకను నా చేతికిచ్చాడు. దాని లోపల వెంట్రుకల్లాంటి సన్నని కాలువలుంటాయి. వాటి నిండా తెల్లటి జిగురు పేరుకుపోయి ఉంది. నీరు కదలడం మానేసింది. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది.

వాడు రాత్రుళ్లు యానిమేషన్ పనులు చేసి సంపాదించిన డబ్బంతా ఇందులో పెట్టాడు. కుర్రాడు తెలివితక్కువవాడేమీ కాదు. మొదటిసారి నీటి చలువ అమర్చుకునేవారి కోసం రాసిన ఒక కొనుగోలు జాబితాను అక్షరాలా పాటించాడు. ఆ జాబితాలో రేడియేటర్ దగ్గర "360 మిల్లీమీటర్లది, ఏ రకమైనా సరే" అని మాత్రమే ఉంది. దుకాణంలో చవకగా దొరికింది అల్యూమినియంది. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్, మధ్యలో నీళ్లు. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివినవారికి ఇది ఏమిటో తెలిసే ఉంటుంది. అదొక విద్యుత్ ఘటం!

ఆ జాబితాను, అలాంటివే మరో నాలుగైదింటిని తెచ్చుకుని చదివాను. ఈ వ్యాసం వాటి మీద ఒక సమీక్ష.

ఈ సలహాల్లో మంచి ఎంత?

ముందుగా మంచిని ఒప్పుకుందాం. మొదటి ప్రయత్నానికి గట్టి గొట్టాలకన్నా మెత్తని గొట్టాలే మేలని దాదాపు అన్నీ చెబుతాయి. ఇది సరైన మాట. గట్టి గొట్టాన్ని వేడిచేసి వంచాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ ముక్క పనికిరాదు. మెత్తని గొట్టాన్నయితే కత్తెరతో మళ్లీ కోసుకోవచ్చు. కంప్యూటర్‌కు విద్యుత్తు ఇవ్వకుండా, పంపును మాత్రమే నడిపి, కీళ్ల దగ్గర టిష్యూ కాగితం పెట్టి కొన్ని గంటలపాటు కారుడు పరీక్ష చేయమనీ చెబుతాయి. అదీ విలువైన సలహాయే.

లోపం వరుసలో ఉంది. చాలా జాబితాలు కంటికి కనిపించేవాటితో మొదలవుతాయి. తొట్టి ఆకారం, గొట్టాల మెరుపు, ద్రవం రంగు, దీపాలు, ఆ తర్వాత రాగి పలక. చివరికి మిగిలిన డబ్బుతో, పెట్టెలో మిగిలిన చోటులో పట్టే రేడియేటర్. వేడి దృష్టితో చూస్తే ఈ వరుస పూర్తిగా తలకిందులు. ఎందుకో తెలియాలంటే చిప్ నుంచి బయలుదేరిన వేడితోపాటు మనమూ ప్రయాణం చేయాలి.

ఇస్త్రీపెట్టెను మించిన వేడి

ఇంటెల్ కోర్ ఐ7-12700కె ప్రాసెసర్‌నూ, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డునూ ఉదాహరణగా తీసుకుందాం. ఆ ప్రాసెసర్‌కు కంపెనీ రెండు సంఖ్యలు ఇచ్చింది. మూల సామర్థ్యం 125 వాట్లు, గరిష్ఠంగా 190 వాట్లు. నేను చదివిన జాబితాల్లో ఎక్కువ భాగం 125నే లెక్కలోకి తీసుకున్నాయి. కానీ గంటల తరబడి గట్టిగా పనిచేసే యంత్రానికి 190నే లెక్కించాలి. గ్రాఫిక్స్ కార్డుకు 220 వాట్లు. మొత్తం 410. సులువు కోసం 400 వాట్లు అనుకుందాం. కంప్యూటర్ తీసుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది కాబట్టి 400 వాట్ల విద్యుత్తు అంటే 400 వాట్ల వేడే.

ఇది పెద్దదేమీ కాదే అనిపించవచ్చు. మన ఇస్త్రీపెట్టె 1000 వాట్లది కదా! కానీ ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసర్‌లోని సిలికాన్ ముక్క రెండు చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అందులోంచి 190 వాట్లు బయటికి రావాలి. చదరపు సెంటీమీటరుకు దాదాపు 90 వాట్లు! అసలు సమస్య ఇదే. కొద్దిచోట పుట్టిన వేడిని ఎక్కువ వైశాల్యానికి పరచాలి.

నీరు చేసే పని అదే. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4180 జౌళ్లు కావాలి. ఒక లీటరు గాలికి దాదాపు 1.2 జౌళ్లు చాలు. ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికన్నా దాదాపు 3500 రెట్లు ఎక్కువ వేడిని మోయగలదు. అందుకే సన్నని గొట్టం సరిపోతుంది.

అయితే మోయడం వేరు, వదిలించుకోవడం వేరు. నీరు ఇక్కడ కూలీ మాత్రమే. మూటను చిప్ దగ్గర ఎత్తుకుని రేడియేటర్ దగ్గర దించుతుంది. దాన్ని చివరికి తీసుకునేది గదిలోని గాలి.

ఎడారి కూలర్‌తో పోల్చవచ్చా?

"నీటి చలువ" అనగానే మనకు వేసవిలో కిటికీకి బిగించే కూలర్ గుర్తుకొస్తుంది. జాబితాలు ఈ రెంటికీ తేడా చెప్పవు. అందువల్లే చాలామంది పొరబడుతున్నారు. కూలర్‌లో నీరు ఆవిరవుతుంది. ఆవిరవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. అందుకే పొడిగాలి ఉండే అనంతపురంలో కూలర్ బాగా పనిచేస్తుంది, తేమగా ఉండే విశాఖపట్నంలో అంతగా పనిచేయదు. కూలర్ గాలి గది గాలికన్నా చల్లగా ఉండగలదు.

కంప్యూటర్ గొట్టాల్లోని నీరు మూసిన దారిలో తిరుగుతుంది. ఆవిరయ్యే ప్రశ్నే లేదు. యంత్రం నడుస్తున్నంతసేపు ఆ నీరు గది గాలికన్నా వేడిగానే ఉంటుంది. అలా ఉంటేనే వేడి నీటి నుంచి గాలికి పోతుంది. గది 40 డిగ్రీలుంటే నీరు 40కి పైనే. ఎంత ఖరీదైన భాగాలు కొన్నా ఈ నియమం మారదు.

తొట్టి పెద్దదైతే లాభమేమిటి?

"పెద్ద తొట్టి ఉంటే బాగా చల్లబడుతుంది" అన్న వాక్యం రెండు జాబితాల్లో కనిపించింది. లెక్క వేద్దాం. తొట్టిలో ఒక లీటరు నీరు అదనంగా ఉందనుకోండి. 400 వాట్లు అంటే సెకనుకు 400 జౌళ్లు. 4180ని 400తో భాగిస్తే సుమారు పది సెకన్లు. ఆ అదనపు లీటరు ఒక డిగ్రీ పెరుగుదలను పది సెకన్లు, పది డిగ్రీల పెరుగుదలను రెండు నిమిషాలకు కాస్త తక్కువ సేపు వాయిదా వేస్తుంది. అంతే. ఆ తర్వాత పెద్ద తొట్టి, చిన్న తొట్టి ఒకటే. తొట్టి అసలు ఉపయోగం వేరు. నీరు పోయడానికి, గాలి బుడగలు విడిపోవడానికి, పంపుకు ఎప్పుడూ నీరు అందడానికి అది కావాలి. అందుకు పావు లీటరు పట్టేది చాలు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఇంట్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే దాని మీద ఎన్ని వాట్లో చూడండి. 1500 వాట్లయితే లీటరు నీరు పది డిగ్రీలు పెరగడానికి సుమారు 28 సెకన్లు పట్టాలి. కొంత వేడి కెటిల్‌కూ గాలికీ పోతుంది కాబట్టి కాస్త ఎక్కువే పడుతుంది.

వరుస గురించిన వాదమూ ఇలాంటిదే. నీరు ముందు ప్రాసెసర్‌కు వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డుకా, మధ్యలో రేడియేటర్ ఉండాలా అని పేజీలు నింపారు. నిమిషానికి 4 లీటర్ల ప్రవాహం ఉంటే సెకనుకు 67 గ్రాములు. దానితో ఒక డిగ్రీకి దాదాపు 280 వాట్లు తీసుకెళ్లవచ్చు. మన 400 వాట్లకు నీరు ఒక చుట్టులో పెరిగేది సుమారు ఒకటిన్నర డిగ్రీలే. గొట్టాలు ఎలా పొట్టిగా, మెలికలు లేకుండా కలుస్తాయో అలా కలపడమే మంచిది. తొట్టి పంపుకు ముందు, దానికన్నా ఎత్తులో ఉండాలన్నది ఒక్కటే తప్పనిసరి నియమం. పంపు నీరు లేకుండా తిరిగితే పాడైపోతుంది.

డబ్బు పెట్టవలసిన చోటు

ఇప్పుడు రేడియేటర్ దగ్గరికి వద్దాం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, పెద్దగా చప్పుడు చేయకుండా, రేడియేటర్ రేకుల గుండా సెకనుకు సుమారు 14 లీటర్ల గాలిని తోస్తుందనుకుందాం. దాని ద్రవ్యరాశి దాదాపు 16 గ్రాములు. గాలి విశిష్టోష్ణం గ్రాముకు ఒక జౌల్. కాబట్టి ఒక్కో ఫ్యాన్ గాలి, ఒక డిగ్రీ వేడెక్కి 16 వాట్లు తీసుకుపోగలదు. నీటికి 280, గాలికి 16! ఇరుకైన దారి ఎక్కడుందో చూశారా?

మూడు ఫ్యాన్లు పట్టే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒక్కటే ఉంటే ఒక డిగ్రీకి 48 వాట్లు. మన 400 వాట్లకు బయటికొచ్చే గాలి 8 డిగ్రీలు వేడెక్కుతుంది. నీరు అంతకన్నా కొంత వేడిగా ఉండక తప్పదు. విజయవాడలో మే నెలలో గది 40 డిగ్రీలుంటే గాలి 48కి చేరుతుంది, నీరు 50 దాటుతుంది. ప్రాసెసర్ పూర్తి పనిలో ఉన్నప్పుడు నీటికన్నా మరో 30, 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. అంటే 90 దగ్గర. దాని హద్దు 100. చలిదేశంలో 20 డిగ్రీల గదిలో రాసిన జాబితాకు ఈ చిక్కు ఎదురుకాదు. అక్కడ హాయిగా నడిచే అమరిక ఇక్కడ అంచు మీద నడుస్తుంది.

ఆరు ఫ్యాన్లకు సరిపడా రేడియేటర్లు పెడితే గాలి పెరుగుదల 8 నుంచి 4 డిగ్రీలకు తగ్గుతుంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఇది: నా పెట్టెలో ఎన్ని ఫ్యాన్ల రేడియేటర్ పడుతుంది? ఆ గాలి పెట్టె బయటికి పోతుందా, లోపలే తిరుగుతుందా? రేడియేటర్ మందం, ఫ్యాన్ మందం కలిపి కొలవాలి. ఈ కొలత తీసుకున్నాకే మిగతావి కొనాలి.

నీరు వెచ్చగా ఉన్నా ఫరవాలేదని కూడా తెలుసుకోవాలి. 2010లో జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఐబీఎం అమర్చిన అక్వాసార్ అనే సూపర్ కంప్యూటర్‌ను సుమారు 60 డిగ్రీల నీటితోనే చల్లబరిచారు. బయటికొచ్చిన వేడిని భవనాలను వెచ్చగా ఉంచడానికి వాడుకున్నారు. చిప్‌కు కావలసింది తనకన్నా చల్లగా ఉన్న ద్రవం, అది మంచునీరే కానక్కర్లేదు. అయితే మన గొట్టాలకు, పంపుకు హద్దులున్నాయి. బాగా ప్రచారంలో ఉన్న డి5 రకం పంపుకు నీరు 60 డిగ్రీలు దాటకూడదు.

పెట్టె మీది సంఖ్య

ఆ పంపు మీద "గంటకు 1500 లీటర్లు" అని ఉంటుంది. అంటే నిమిషానికి 25. ఇది అబద్ధం కాదు. కానీ ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి సంఖ్య. సన్నని కాలువలున్న పలకలు, రేడియేటర్, మలుపులు అన్నీ కలిపాక నిమిషానికి 3, 4 లీటర్లు వస్తే మంచి అమరికే. పంపును పోల్చడానికి ప్రవాహం ఒక్కటే చాలదు. ఎంత ఎత్తుకు నీటిని నెట్టగలదో కూడా చూడాలి. డి5కు అది సుమారు 4 మీటర్లు. ఎడారి కూలర్ పంపును పెడితే చవక కదా అని ఆలోచించేవారు ఈ రెండో సంఖ్యను తప్పక చూడాలి. జాబితాల్లో ఈ మాట దాదాపు ఎక్కడా కనబడలేదు.

రాగికి అల్యూమినియం తోడు కాకూడదు

ఇక మా మేనల్లుడి తెల్ల జిగురు సంగతి. ప్రమాణ విద్యుదగ్ర పొటెన్షియల్ రాగికి ప్లస్ 0.34 వోల్టులు, అల్యూమినియంకు మైనస్ 1.66 వోల్టులు. తేడా 2 వోల్టులు. పరిశుద్ధమైన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు. కానీ నీటిలో అయాన్లు చేరిన కొద్దీ అది విద్యుద్విశ్లేష్యంగా మారుతుంది. రెండు లోహాలకూ ఎక్కడో ఒకచోట విద్యుత్ సంబంధం ఉంటే అల్యూమినియం నెమ్మదిగా కరుగుతుంది. నీటిలో కరిగిన రాగి అయాన్లు అల్యూమినియం మీద చేరితే సంబంధం లేకపోయినా పని సాగుతుంది. చివరికి తెల్లటి అల్యూమినియం హైడ్రాక్సైడు తయారై, అన్నిటికన్నా ఇరుకైన చోట, అంటే ప్రాసెసర్ మీది కాలువల్లో చేరుతుంది.

నియమం చిన్నదే. నీరు తగిలే భాగాలన్నీ రాగి, ఇత్తడి, నికెల్ పూత పూసిన రాగి, ఈ కుటుంబంలోనివే అయి ఉండాలి. లేదా అన్నీ అల్యూమినియంవే కావాలి. 2017లో ఈకే సంస్థ పూర్తిగా అల్యూమినియం భాగాలతో ఫ్లూయిడ్ గేమింగ్ అనే వరుసను తెచ్చింది. అలాంటి వాటిని రాగి భాగాలతో కలపకూడదు. సీలు చేసి అమ్మే కూలర్లలో చాలావాటికి రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఉంటాయి. అక్కడ లోహక్షయాన్ని అరికట్టే రసాయనాలు కలిపిన ద్రవాన్ని కర్మాగారంలోనే నింపి మూసేస్తారు. దాన్ని చూసి మన సొంత అమరికలోనూ చెల్లుతుందనుకోవడం పొరపాటు.

మావాడు చేసిన రెండో తప్పు, తగ్గిన నీటిని ఇంట్లోని ఆర్‌వో నీటితో నింపడం. ఆర్‌వో నీరు తాగడానికి మంచిదే కానీ అందులో లవణాలు కొంత మిగులుతాయి. స్వేదనజలం వేరు. దానిలో లోహక్షయ నిరోధకం, నాచు పెరగకుండా ఆపే మందు కలిపి వాడాలి. లేదా అవి కలిపి అమ్మే రంగులేని ద్రవం కొనాలి. ఈ ద్రవాల్లో కొన్నింటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం, పిల్లలకు అందకుండా ఉంచాలి. పాలలా చిక్కగా కనిపించే రంగు ద్రవాల్లో సూక్ష్మకణాలు తేలుతుంటాయి. కొంతకాలానికి అవి అడుగున చేరతాయి. బొమ్మల్లో అందంగా కనిపించే ఆ ద్రవాన్ని మొదటిసారి కట్టేవారికి సిఫారసు చేయడం నాకు నచ్చని విషయం.

గొట్టం సంగతి కూడా ఇదే. పారదర్శకమైన పీవీసీ గొట్టాన్ని మెత్తగా ఉంచే పదార్థం నెమ్మదిగా నీటిలోకి దిగి కాలువలకు పట్టుకుంటుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టానికి ఆ బాధ లేదు, వెలుతురు సోకదు కనుక నాచూ తక్కువ. చూపుకు మాత్రం మోటు.

పావు అంగుళం కాని పావు అంగుళం

కీళ్ల మరలన్నీ జి 1/4 ప్రమాణంలో ఉంటాయి. స్కేలుతో కొలిస్తే ఆ మర బయటి వ్యాసం సుమారు 13.2 మిల్లీమీటర్లు వస్తుంది. పావు అంగుళమంటే 6.35 కదా అని కంగారు పడకండి. అది పాత పైపుల కొలతల నుంచి వచ్చిన పేరు. మర అన్నిటికీ ఒకటే అయినా, గొట్టం పట్టే వైపు కొలత వేరు వేరు. 10 లోపలి వ్యాసం, 16 బయటి వ్యాసం ఉన్న గొట్టానికి 10/16 కీలు, 10/13 గొట్టానికి 10/13 కీలు కొనాలి. ప్రతి భాగానికీ రెండు చొప్పున లెక్కపెట్టి, రెండు అదనంగా తీసుకోవాలి. వీటితోపాటు అన్నిటికన్నా పల్లపు చోట నీరు వదిలే చిన్న కుళాయి ఒకటి పెట్టుకోవాలి. నేను చూసిన జాబితాల్లో ఒక్కటి మాత్రమే దీన్ని చెప్పింది. ఏడాదికోసారి నీరు మార్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అసలు ఇది కావాలా?

ఏ సమీక్ష అయినా ఈ ప్రశ్న అడగాలి. కొనుగోలు జాబితాలు అడగవు. ప్రాసెసర్ ఒక్కదాన్నే చల్లబరచాలంటే, వేడి గొట్టాలున్న మంచి గాలి కూలర్ చాలా పనులకు సరిపోతుంది. అందులో పంపు లేదు, కారేది లేదు, ఖర్చు చాలా తక్కువ. గ్రాఫిక్స్ కార్డునూ కలిపి గంటల తరబడి నడిపేవారికి, చప్పుడు తగ్గాలనుకునేవారికి, స్వయంగా కట్టి నేర్చుకోవాలనుకునేవారికి నీటి చలువలో అర్థముంది. నేర్చుకోవడం కోసం అన్నది చిన్న కారణమేమీ కాదు. ఉష్ణశాస్త్రం, ద్రవప్రవాహం, విద్యుత్ రసాయనం ఒకే పెట్టెలో కనిపించే యంత్రాలు విద్యార్థికి ఎన్ని దొరుకుతాయి? కానీ నేర్పవలసిన ఆ మూడు పాఠాలనే తీసేసి ధరల పట్టీ మాత్రం చేతికివ్వడమే ఈ సలహాల అసలు లోపం.

మా మేనల్లుడు ఆ పలకను పాత బ్రష్షుతో శుభ్రం చేసి దాచుకున్నాడు. ఆ సాయంత్రం మేమిద్దరం ఒక తెల్లకాగితం తీసుకున్నాం. మొదటి వరుసలో గది ఉష్ణోగ్రత రాశాం. రెండో వరుసలో వాట్లు, మూడో వరుసలో ఎన్ని ఫ్యాన్లు పడతాయో, నాలుగో వరుసలో నీరు తగిలే ప్రతి భాగం ఏ లోహమో. తొట్టి ఆకారం పేజీ చివరికి చేరింది. లెక్కంతా అయ్యాక వాడు కాసేపు ఆలోచించి, "ఈ వేసవికి గాలి కూలర్‌తో నడుపుతాను మావయ్యా. రాగి రేడియేటర్‌కు డబ్బు చేరాక మళ్లీ కడతాను" అన్నాడు.

మీరు కూడా ఒక రూపాయి ఖర్చు పెట్టకముందు ఆ నాలుగు వరుసలు రాసి చూడండి. ఏ వరుసలో సంఖ్య రాయలేకపోయారో, మీ చేతిలోని జాబితా మీకు చెప్పనిది అదే.